లూపస్ ఉన్నవారి కిడ్నీ గురించి మూత్రం ఏం చెబుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లూపస్ గురించే, అంటే శరీర రక్షణ వ్యవస్థ తన సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు గురించే. చర్మం, కీళ్లు, జుట్టు రాలడం గురించి అడిగినవాటిని పక్కన పెట్టి, కిడ్నీకి సంబంధించిన ఉత్తరాలే తీసుకున్నాను. నేను కిడ్నీ డాక్టర్ని కావడం ఒక కారణం. అసలు కారణం వేరు. లూపస్ కిడ్నీని పట్టుకుంటే నొప్పి ఉండదు, జ్వరం రాకపోవచ్చు, మనిషి మామూలుగా పనులు చేసుకుంటూనే ఉంటారు. ఆ సమయంలో సంగతి బయటపెట్టేది మూత్రం ఒక్కటే. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఊళ్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 26 ఏళ్లు. మూడేళ్ల కిందట లూపస్ అని తేలింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. ఇప్పుడు ఏ బాధా లేదు. క్రియాటినిన్ 0.8 వచ్చింది, నార్మల్ అన్నారు. అయినా మా డాక్టర్ వెళ్లిన ప్రతిసారీ యూరిన్ పరీక్ష రాస్తారు. రక్తంలో అంతా బాగున్నప్పుడు ఇది అవసరమా? కిడ్నీ దెబ్బను ముందే పట్టే కొత్త మార్కర్లు మూత్రంలో ఉన్నాయని కూడా చదివాను. అవి చేయించుకుంటే ఈ మామూలు పరీక్షలు మానేయవచ్చా?

జవాబు: అవసరమేనమ్మా. మీ డాక్టర్ చేస్తున్నది సరైన పని.

క్రియాటినిన్ అంటే కిడ్నీ రక్తం నుంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం. అది ఆలస్యంగా కదిలే అంకె. కిడ్నీలో కొంత భాగం దెబ్బతింటే మిగతా భాగం ఎక్కువ పని చేసి ఆ లోటును కప్పేస్తుంది. వడపోత శక్తి దాదాపు సగం పోయేదాకా కూడా రిపోర్టులో క్రియాటినిన్ నార్మల్ హద్దులోనే ఉండవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. సన్నగా ఉండే అమ్మాయికి మొదటి నుంచీ 0.5 ఉంటే, అది 0.8కి పెరిగినా రిపోర్టులో ఏ గుర్తూ పడదు. ఆమె వరకు మాత్రం అది పెద్ద మార్పు. కాబట్టి మీ 0.8ని ల్యాబ్ అచ్చువేసిన హద్దులతో కాకుండా మీ పాత రిపోర్టులతో పోల్చండి. మూడేళ్ల కిందట కూడా 0.8 ఉంటే నిశ్చింతగా ఉండండి. అప్పుడు 0.5 ఉంటే మీ డాక్టర్‌తో వెంటనే మాట్లాడండి.

లూపస్‌లో శరీరం తన సొంత కణాల్లోని పదార్థాల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. కణం లోపలి డీఎన్‌ఏ మీద కూడా. ఆ యాంటీబాడీలు కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాల ఉండల్లో పేరుకుంటాయి. వాటిని గ్లోమెరులస్ అంటాం. అక్కడ సి3, సి4 లాంటి కాంప్లిమెంట్ ప్రొటీన్లు (రక్తంలో ఉండే రక్షణ ప్రొటీన్లు) ఖర్చవుతూ మంట (ఇన్‌ఫ్లమేషన్) పుడుతుంది. వడపోత గోడలు పాడై, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్, ఎర్ర రక్తకణాలు మూత్రంలోకి జారిపోతాయి. మూత్రంలో ఈ మార్పు చాలామందిలో క్రియాటినిన్ కదలకముందే కనిపిస్తుంది. దీన్నే లూపస్ నెఫ్రైటిస్ అంటారు. లూపస్ ఉన్నవారిలో సుమారు 40 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. వచ్చేవారిలో ఎక్కువమందికి మొదటి ఐదేళ్లలోనే వస్తుంది. మీరు ఇంకా ఆ ఐదేళ్లలోనే ఉన్నారు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2024 మార్గదర్శకాల ప్రకారం కిడ్నీ జబ్బు లేని లూపస్ రోగులు కూడా 6 నుంచి 12 నెలలకోసారి మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. లూపస్ మళ్లీ ఎగదన్నినప్పుడు గడువుతో పని లేదు, వెంటనే చూడాలి. డీఎన్‌ఏ మీద తయారయ్యే డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీలు ఎక్కువగా ఉండి, సి3, సి4 తగ్గినవాళ్లకి నేను మూడు నెలలకోసారి రాస్తాను. ఇందులో మీరు ఏ కోవలోకి వస్తారో మీ డాక్టర్‌ని అడగండి.

ఇక కొత్త మార్కర్ల సంగతి. మీరు చదివింది అబద్ధం కాదు. ప్రొటీన్ కనబడితే వడపోత గోడ దెబ్బతిందని తెలుస్తుంది. లోపల ఇప్పుడు మంట ఉందా, లేక పాత మంట మానిన మచ్చ మాత్రమే ఉందా అన్నది ఆ అంకె చెప్పలేదు. ఆ తేడా పట్టుకోవడం కోసమే శాస్త్రవేత్తలు మూత్రంలోని ఇతర ప్రొటీన్ల వైపు చూశారు. ఎంసీపీ-1 అనేది తెల్లకణాలను మంట ఉన్నచోటికి రప్పించే సంకేతం. మూత్రంలో అది పెరిగిందంటే కిడ్నీలో ఆ పిలుపు నడుస్తోందని అర్థం. ఎన్‌గాల్, కిమ్-1 అనేవి కిడ్నీ సన్న గొట్టాల లోపలి కణాలు దెబ్బతిన్నప్పుడు పెరుగుతాయి. ట్వీక్, వీక్యామ్-1 అనేవీ మంటకు సంబంధించినవే. నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది సీడీ163. కిడ్నీలోకి చేరిన మాక్రోఫేజ్ అనే తెల్లకణాల పైనుంచి ఇది ఊడి మూత్రంలోకి వస్తుంది. 2020లో మెక్సికో, అమెరికా పరిశోధకులు దీన్ని లూపస్ రోగుల్లో పరిశీలించారు. బయాప్సీలో (సూదితో తీసిన కిడ్నీ ముక్క పరీక్షలో) మంట ఎక్కువగా ఉన్నవారి మూత్రంలో ఇది ఎక్కువగా ఉంది, మందులు పనిచేసినవారిలో తగ్గింది.

ఒక్క ప్రొటీన్ చాలదనే ఆలోచన కూడా ఉంది. సిన్సినాటిలోని పిల్లల ఆస్పత్రి బృందం ఎన్‌గాల్, కిమ్-1, ఎంసీపీ-1తో పాటు సెరులోప్లాస్మిన్, హీమోపెక్సిన్, అడిపోనెక్టిన్ కలిపి, ఆరింటి నుంచి ఒకే స్కోరు కట్టింది. దాన్ని రెయిల్ అంటారు. కిడ్నీలో మంట ఎంత ఉందో ఆ స్కోరు బయాప్సీకి దగ్గరగా చెప్పగలిగింది.

అయితే ఇవేవీ నేడు మీ మామూలు పరీక్ష స్థానంలోకి రాలేదు. ఎంత ఉంటే ఎక్కువ అనే హద్దు అందరూ ఒప్పుకున్నది లేదు. ఒక కిట్‌తో వచ్చిన అంకె ఇంకో కిట్‌తో వచ్చిన అంకెతో సరిపోదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఎన్‌గాల్ పెరుగుతుంది, ఎందుకంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాల్లోనూ అది ఉంటుంది. 2023లో అమెరికాలో ఎన్‌గాల్ మూత్ర పరీక్షకు అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ అది ఆస్పత్రిలో విషమ పరిస్థితిలో ఉన్న పిల్లలు, యువకుల కిడ్నీకి అకస్మాత్తుగా వచ్చే దెబ్బ కోసం. లూపస్ కోసం కాదు. ఎవరైనా మీకు ఈ మార్కర్ ఒకటి చేసి ‘మీ కిడ్నీలు సేఫ్’ అని రాసిస్తే ఆ కాగితాన్ని నమ్మి ఊరుకోకండి. పరిశోధనలో భాగంగా మీ మూత్రం అడిగితే మాత్రం సంతోషంగా ఇవ్వండి. అలా ఇచ్చినవాళ్ల వల్లే మనకి ఇంతవరకు తెలిసింది.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పాపకి 14 ఏళ్లు. ఏడాది కిందట లూపస్ అన్నారు. యూరిన్ స్ట్రిప్‌లో ఒకసారి ట్రేస్, ఒకసారి 2 ప్లస్, మళ్లీ 1 ప్లస్ వచ్చింది. పాపకి మూత్రంలో నురగ కూడా వస్తోంది. ఏ రిపోర్టు నమ్మాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. 24 గంటల మూత్రం పట్టమంటున్నారు. స్కూలుకి వెళ్లే పిల్లతో అది ఎలా కుదురుతుంది?

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. ఆ ప్లస్‌లు చూసి భయపడకండి, అలాగని వదిలేయకండి. స్ట్రిప్ ప్రొటీన్ చిక్కదనాన్ని చూస్తుంది. పాప ఆ రోజు నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి ట్రేస్ వస్తుంది, తక్కువ తాగితే అదే ప్రొటీన్ 2 ప్లస్‌గా కనిపిస్తుంది. పైగా స్ట్రిప్ ముఖ్యంగా ఆల్బుమిన్ అనే ఒక్క రకం ప్రొటీన్‌నే పడుతుంది. అనుమానం పుట్టించడానికి అది పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి చాలదు.

దీనికి మంచి మార్గం ప్రొటీన్ – క్రియాటినిన్ నిష్పత్తి. ఒకే నమూనాలో రెండూ కొలిచి భాగిస్తారు. మూత్రం పలచగా ఉంటే రెండూ కలిసే తగ్గుతాయి కాబట్టి నీళ్ల ప్రభావం చాలావరకు పోతుంది. ఒక గ్రాము క్రియాటినిన్‌కి 500 మిల్లీగ్రాములు, అంటే రోజుకి సుమారు అర గ్రాము ప్రొటీన్ దాటితే, అది మళ్లీ చేసినా అలాగే ఉంటే, లూపస్ రోగిలో బయాప్సీ గురించి ఆలోచిస్తాం. రిపోర్టులో యూనిట్లు తప్పక చూడండి. కొన్ని ల్యాబులు 0.5 అని రాస్తాయి, కొన్ని 500 అని, ఇంకొన్ని మిల్లీమోల్ లెక్కలో సుమారు 50 అని. మూడూ ఇంచుమించు ఒకటే. కిందటిసారి 0.6, ఈసారి 60 అని చూసి, వంద రెట్లు పెరిగిందని ఏడుస్తూ వచ్చిన తల్లి ఒకరు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. ఆల్బుమిన్ – క్రియాటినిన్ నిష్పత్తి మాత్రం వేరే పరీక్ష, దాని హద్దులూ వేరు. రెండింటినీ కలిపి చూడకండి.

పాప వయసులో ఇంకో విషయం ఉంది. ఎదిగే పిల్లల్లో కొందరికి నిలబడి తిరిగినప్పుడు మాత్రమే ప్రొటీన్ పోతుంది, పడుకున్నప్పుడు ఆగిపోతుంది. దానివల్ల హాని లేదు. అందుకే రాత్రి పడుకునే ముందు మూత్రానికి వెళ్లించి, పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పట్టివ్వండి. అందులోనూ ఎక్కువగా ఉంటే అది నిలబడటం వల్ల వచ్చింది కాదని తేలుతుంది. ముందు రోజు ఆటల పోటీలు, జ్వరం, నెలసరి ఉంటే నాలుగు రోజులు ఆగండి. నెలసరి రక్తం కొద్దిగా కలిసినా రిపోర్టులో ఎర్రకణాలు, ప్రొటీన్ రెండూ కనిపించి అందరినీ కంగారు పెడతాయి. మూత్రానికి వెళ్లినప్పుడు మంట ఉంటే ముందు ఇన్ఫెక్షన్ కోసం కల్చర్ చేయించాలి.

24 గంటల పరీక్ష ఇప్పటికీ మంచిదే, ముఖ్యంగా బయాప్సీ చేయాలా వద్దా అనే చోట, లేదా నిష్పత్తి ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నప్పుడు. సెలవు రోజు పెట్టుకోండి. పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పారబోసి ఆ సమయం రాసుకోండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా డబ్బాలోకే. మర్నాడు అదే సమయానికి వచ్చిన మూత్రాన్ని కూడా కలిపి ఇవ్వండి. మధ్యలో ఒక్కసారి మరిచిపోయినా దాచకుండా చెప్పండి, మళ్లీ పడదాం. మొత్తం క్రియాటినిన్ ఎంత వచ్చిందో చూస్తే పూర్తిగా పట్టారో లేదో మాకు తెలిసిపోతుంది.

నురగ వేగంగా పడే మూత్రంలోనూ వస్తుంది. అది చాలాసేపు పోకుండా ఉంటే, దానికి తోడు పొద్దున కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు ఉంటే అప్పాయింట్‌మెంట్ రోజు వరకు ఆగకండి. బీపీ కూడా చూపించండి. పిల్లలకి బీపీ ఉండదనుకుని చూడకుండా వదిలేసే అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, మేడమ్. ఒక లూపస్ పేషెంట్ మూత్రంలో ఎర్రకణాలు ‘ప్లెంటీ’ అని రాశాను. కిడ్నీ డాక్టర్ ఫోన్ చేసి అవి ఏ ఆకారంలో ఉన్నాయి, కాస్ట్‌లు ఉన్నాయా అని అడిగారు. రోజంతా పని ఒత్తిడిలో ఉండే మాకు ఇంత వివరం నిజంగా అవసరమా?

జవాబు: చాలా అవసరం తమ్ముడూ. అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ పనిని గౌరవంగా చూసేవాళ్లు తగ్గిపోతున్నారు.

ఎర్రకణాలు మూత్రాశయం నుంచి, రాయి నుంచి, నెలసరి నుంచి వస్తే గుండ్రంగానే ఉంటాయి. గ్లోమెరులస్ గోడలోంచి నలుగుతూ వచ్చినవి వంకర తిరుగుతాయి. కొన్నిటికి రింగు చుట్టూ చిన్న బుడిపెలు వస్తాయి, వాటిని అకాంతోసైట్లు అంటాం. ఎర్రకణాల కాస్ట్ ఒక్కటి కనబడినా చాలు. ఆ రక్తం కిడ్నీ గొట్టం లోపలే చేరిందని, ఆ గొట్టం ఆకారంలోనే గట్టిపడి వచ్చిందని నేను నిశ్చయంగా చెప్పగలను. లక్షలు పోసి కొన్న యంత్రం లేకుండా, ఒక మైక్రోస్కోపుతో దొరికే మార్కర్ అది. కొత్త మార్కర్ల గురించి ఎన్ని సెమినార్లు విన్నా, నేను ఇప్పటికీ పొద్దున్నే వార్డుకి వెళ్లేముందు స్లైడ్లు నేనే చూసుకుంటాను.

మూత్రం తాజాగా ఉండాలి. రెండు గంటలు దాటితే కణాలు పగులుతాయి, కాస్ట్‌లు కరిగిపోతాయి, పలచని మూత్రమైతే ఇంకా త్వరగా. లూపస్ అని స్లిప్పు మీద రాసి ఉంటే ఆ నమూనాని వరసలో ముందుకి తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున మిగిలినదాన్ని నెమ్మదిగా కలిపి, వెలుతురు తగ్గించి చూడండి. ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు ఉంటే మరీ మంచిది. కాస్ట్‌లు తరచు కవర్ గ్లాసు అంచుల దగ్గరకి చేరతాయి, మధ్యలో చూసి వదిలేస్తే దొరకవు. ‘ప్లెంటీ’ బదులు ఒక ఫీల్డుకి ఎన్నో రాసి, వంకర కణాలు ఉన్నాయో లేదో ఒక్క మాట చేర్చండి. ఆ ఒక్క మాట వల్ల ఒక బయాప్సీ వారాల తరబడి వాయిదా పడకుండా సరైన సమయానికి జరగవచ్చు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు డాక్టర్ గారూ. క్లాస్ 4 లూపస్ నెఫ్రైటిస్ అని బయాప్సీలో వచ్చింది. స్టిరాయిడ్లు, మైకోఫినోలేట్ మొదలుపెట్టి ఏడాది దాటింది. అప్పుడు రోజుకి 4 గ్రాముల పైన పోయే ప్రొటీన్ ఇప్పుడు 1.1 గ్రాముల దగ్గర ఆగిపోయింది. క్రియాటినిన్ బాగుంది. మా డాక్టర్ రెండో బయాప్సీ అంటున్నారు. మొదటిసారి చాలా భయపడ్డాను. మళ్లీ సూది పొడిపించుకోవడానికి ధైర్యం చాలడం లేదు. మూత్రంతోనే తేల్చే మార్గం లేదా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్న దగ్గరే నేటి వైద్యం కూడా ఆగి ఉంది. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీ డాక్టర్ ఎందుకు తొందరపడుతున్నారో చెబుతాను. యూరోపియన్ రుమటాలజీ సంఘం ఇచ్చిన లక్ష్యాల ప్రకారం వైద్యం మొదలైన మూడు నెలలకి ప్రొటీన్ కనీసం 25 శాతం, ఆరు నెలలకి సగం తగ్గాలి. ఏడాదికి రోజుకి 0.5 నుంచి 0.7 గ్రాముల లోపలికి రావాలి. ఆ అంకెలు ఊరికే పెట్టినవి కావు. యూరో-లూపస్ ట్రయల్‌లో పాల్గొన్నవారిని ఏళ్ల తరబడి గమనిస్తే, ఏడాది చివరికి ప్రొటీన్ 0.8 గ్రాముల లోపలికి వచ్చినవారి కిడ్నీలు తర్వాత కూడా బాగా నిలిచాయి. మీలా 4 గ్రాములతో మొదలైనవారికి ఇంకో ఆరు నెలల నుంచి ఏడాది వరకు గడువు ఇవ్వవచ్చని కూడా ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి మీ మందులు పనిచేయలేదని ఎవరూ అనడం లేదు. 4 నుంచి 1.1కి రావడం మంచి మార్పే. అక్కడే ఎందుకు ఆగిందన్నది ప్రశ్న.

ఆగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. లోపల మంట ఇంకా ఆరకపోవడం ఒకటి. అలా అయితే మందు పెంచాలి లేదా మార్చాలి. బెలిముమాబ్, వోక్లోస్పోరిన్ లాంటివి ఇప్పుడు ఉన్నాయి. రెండోది, మంట పూర్తిగా ఆరిపోయి, వడపోత గోడలో మిగిలిన మచ్చల వల్ల ప్రొటీన్ కారుతూ ఉండటం. అలా అయితే మందు పెంచితే మీకు ఒరిగేది ఏమీ ఉండదు, ఇన్ఫెక్షన్ల ముప్పు మాత్రం పెరుగుతుంది. అప్పుడు చేయాల్సింది బీపీ గట్టిగా అదుపులో పెట్టడం, ప్రొటీన్ తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్, ఏఆర్‌బీ లాంటి మందులు సరైన మోతాదుకి తేవడం, ఉప్పు తగ్గించడం. రెండు దారులూ ఒకదానికొకటి ఎదురు. 1.1 అనే అంకె మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది.

మీరు రిపోర్టు చేతిలోకి తీసుకున్నప్పుడు బయాప్సీ ఎందుకు అడుగుతున్నారో తెలుస్తుంది. అందులో రెండు స్కోర్లు ఉంటాయి. యాక్టివిటీ ఇండెక్స్ 24కి, క్రానిసిటీ ఇండెక్స్ 12కి. మొదటిది మంట, రెండోది మచ్చ. మీ మొదటి రిపోర్టు తీసి ఆ రెండు అంకెలు చూసుకోండి. ఇప్పుడు యాక్టివిటీ ఎంత పడిందో, క్రానిసిటీ ఎంత పెరిగిందో తెలిస్తే ఏ దారిలో వెళ్లాలో స్పష్టమవుతుంది. ప్రొటీన్ బాగా తగ్గినవారిలో కూడా కొందరికి రెండో బయాప్సీలో మంట కనబడింది. ప్రొటీన్ ఇంకా పోతున్నవారిలో కొందరికి మంట అసలు లేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఒక్క ప్రొటీన్ అంకె చూసి మందులు ఆపడం, పెంచడం రెండూ నాకు మనసొప్పదు.

మూత్రంతో తేల్చే ప్రయత్నం సరిగ్గా ఇక్కడే జరుగుతోంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2014లో మొదలుపెట్టిన ఒక పెద్ద ఉమ్మడి పరిశోధనలో రోగుల కిడ్నీ ముక్కను, మూత్రాన్ని పక్కపక్కన పెట్టి కణం కణం పరీక్షించారు. మూత్రంలోకి వచ్చిన రోగనిరోధక కణాల్లో పనిచేస్తున్న జన్యువులు, కిడ్నీ లోపలి కణాల్లోని వాటితో చాలావరకు సరిపోయాయని 2019లో ప్రచురించారు. అదే పరిశోధనలో సీడీ163, ఐఎల్-16 లాంటి ప్రొటీన్లు బయాప్సీలోని మంటతో పాటు పెరిగినట్టు తేలింది. వైద్యం మొదలైన మూడు నెలలకే మూత్రంలో ఇలాంటి ప్రొటీన్లు పడిపోయినవారు ఏడాదికి మెరుగయ్యే అవకాశం ఎక్కువని కూడా కనిపించింది. మచ్చను చెప్పే గుర్తులూ వెతుకుతున్నారు. ఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ గొట్టాల్లో తయారవుతుంది, మచ్చలు పెరిగేకొద్దీ మూత్రంలో తగ్గుతుంది. ఒకటి పెరిగితే మంట, ఒకటి తగ్గితే మచ్చ. ఇలా రెండు వైపుల నుంచీ చూడగలిగే రోజు వస్తే మీలాంటివారి ప్రశ్నకి నేను సూది లేకుండా జవాబు చెప్పగలను. ఆ రోజు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

ఈరోజుకి మాత్రం ఆ అంకెల ఆధారంగా మీ మందులు మార్చే ధైర్యం నాకు లేదు. మూత్రంలో కలిసి వచ్చేది రెండు కిడ్నీల మొత్తం సారం. ఏ క్లాస్ (అంటే దెబ్బ ఏ రకం), ఎంత భాగం, చిన్న రక్తనాళాల్లో రక్తం గడ్డలు ఉన్నాయా, ఇవి సూదితో తీసిన ముక్కలోనే కనబడతాయి. లూపస్‌లో క్లాస్ మారడం కూడా ఉంది. క్లాస్ 4 కాస్తా క్లాస్ 5 అయితే ప్రొటీన్ తగ్గడానికి ఎక్కువ కాలం పడుతుంది, వైద్యం మీద మన అంచనా కూడా మారుతుంది.

భయం గురించి. మొదటిసారి మీ జబ్బు ముమ్మరంగా ఉంది, ఒంటి నిండా వాపు, ఏం జరుగుతుందో తెలియని స్థితి. ఈసారి మీరు కోలుకున్న మనిషి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, ఆ చోట తిమ్మిరి ఎక్కించి చేస్తారు. సూది తగిలేటప్పుడు టక్ మనే శబ్దం వస్తుందని ముందే చెప్పించుకోండి, దానికే చాలామంది ఉలిక్కిపడతారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. ముఖ్యమైన ముప్పు రక్తస్రావం. మూత్రంలో కొద్దిగా ఎరుపు కొందరికి వచ్చి దానంతటదే పోతుంది. రక్తం ఎక్కించాల్సినంత రావడం అరుదు. ఆ ముప్పు తగ్గాలంటే ఆ రోజు బీపీ అదుపులో ఉండాలి. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు, నొప్పి మాత్రలు ఏవి వాడుతున్నా ముందే చెప్పండి. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటే ఆ మందులు సొంతంగా ఆపకండి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. ‘ఈ ముక్కలో ఏం వస్తే ఏం చేస్తారు?’ అని మీ డాక్టర్‌ని సూటిగా అడగండి. రెండు రకాల ఫలితాలకి రెండు వేర్వేరు పనులు చెప్పగలిగితే ఆ బయాప్సీ చేయించుకోండి. ఏది వచ్చినా చేసేది ఒకటే అని అంటే కొన్ని నెలలు ఆగి చూద్దామని అడిగే హక్కు మీకుంది.

ఇంకో మాట కూడా అడగాలి, నొచ్చుకోకండి. మందులు రోజూ వేసుకుంటున్నారా? ముఖం ఉబ్బిందనో, జుట్టు రాలిందనో, కడుపులో తిప్పుతోందనో మధ్యలో మానేసినవారు చాలామంది నాకు తెలుసు. డాక్టర్ తిడతారని చెప్పరు. అది తెలియక మేం బలమైన మందు మొదలుపెడతాం. ఆపి ఉంటే దయచేసి చెప్పండి. బయాప్సీ కన్నా ముందు తెలియాల్సింది అదే.

ప్రశ్న: లూపస్ కిడ్నీ జబ్బు అదుపులోకి వచ్చింది మేడమ్. పిల్లల కోసం ప్రయత్నించవచ్చా? మూత్రంలో ఎంత ప్రొటీన్ ఉంటే ఫర్వాలేదు?

జవాబు: జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉండాలి, ప్రొటీన్ రోజుకి అర గ్రాము లోపల ఉంటే మంచిది, బీపీ అదుపులో ఉండాలి. మైకోఫినోలేట్ బిడ్డకి హాని చేస్తుంది. దాన్ని ముందుగానే మానిపించి అజాథయోప్రిన్‌కి మార్చి, ఆ మార్పు తర్వాత కూడా మూత్రం బాగుందో లేదో చూస్తాం. ఏసీఈ ఇన్హిబిటర్లు, ఏఆర్‌బీలు గర్భంలో పనికిరావు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపకండి. గర్భానికి ముందు మీ ప్రొటీన్ ఎంతో ఒక కాగితం మీద ఉండాలి. ఇరవై వారాల తర్వాత ప్రొటీన్, బీపీ పెరిగితే అది లూపసా, గర్భం వల్ల వచ్చే ప్రీఎక్లాంప్సియానా అని తేల్చడం చాలా కష్టం. అప్పుడు ఆ పాత అంకె, సి3, సి4 విలువలు, మూత్రంలో ఎర్రకణాల కాస్ట్‌లు మాకు ఎంతో సాయం చేస్తాయి. సి3, సి4 తగ్గి కాస్ట్‌లు కనబడితే లూపస్ వైపు మొగ్గుతాం.

ప్రశ్న: ఇంట్లోనే స్ట్రిప్‌లతో చూసుకోవచ్చా? మా చెల్లికి లూపస్. ప్రతి వారం ల్యాబుకి తిప్పలేకపోతున్నాం.

జవాబు: ప్రతి వారం ల్యాబు అక్కర్లేదు, డాక్టర్ చెప్పిన గడువుకి చాలు. ఆ మధ్యలో స్ట్రిప్ వాడుకోవచ్చు. పొద్దున్న మొదటి మూత్రంలో ముంచి, డబ్బా మీద రాసిన సెకన్లకే రంగు చూడండి. ఆలస్యంగా చూస్తే రంగు ముదిరి తప్పుదారి పట్టిస్తుంది. డబ్బా మూత గట్టిగా పెట్టండి, చెమ్మ తగిలితే పనికిరాదు. తేదీతో పాటు ప్రొటీన్, రక్తం రెండు గడులూ నోట్‌బుక్‌లో రాయండి. ఇంతవరకు నెగెటివ్ ఉన్నది వరసగా రెండుసార్లు 1 ప్లస్ దాటితే, లేదా నెలసరి కాకుండా రక్తం గడి రంగు మారితే, ల్యాబులో ప్రొటీన్ – క్రియాటినిన్ నిష్పత్తి, మైక్రోస్కోపు పరీక్ష చేయించి ఆ వారంలోనే డాక్టర్‌ని కలవండి. స్ట్రిప్ మామూలుగా ఉన్నా ముఖం, కాళ్లు ఉబ్బినా, మూత్రం తగ్గినా, బీపీ 140/90 దాటినా ఆ రోజే వెళ్లండి. కీళ్ల నొప్పికి దుకాణంలో కొనుక్కునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మీ చెల్లికి ఇవ్వకండి.